మల్లయ్య కాక కొట్టి చూసిన రెండు కార్లు

చెవికి మిషన్ పెట్టించుకుని ఇంటికొచ్చిన రోజు, ఏళ్ల తర్వాత నాకు స్పష్టంగా వినిపించిన మొదటి మాట మా ఆవిడది. ప్రహరీ గోడ మీద మోచేతులు ఆనించి పక్కింటామెతో అంటోంది: "ఇన్నొద్దులు ఆయనకు ఇనవడకపోవుడే మంచిగుండె అక్కా. తిట్టేటియన్ని తిట్టుకుంట పని చేసుకునేదాన్ని. ఇగ నోరు గట్టుకోవాలె." జీవితమంతా ఊరిని నవ్వించినవాణ్ణని మీసం దువ్వుకునే నేను, సొంత వాకిట్లో నా మీద రోజుకు రెండాటలు నడుస్తున్నాయని తెలియకుండా బతికాను. ఆరో తరగతిలో బడి వదిలిన రోజు మా పంతులు, "వీనికి చెవులున్నయి గని ఇనే గుణం లేదు" అన్నాడు. ముందుచూపు గల మనిషి. ఇప్పుడు రెండూ లేవు.

మిషన్ పెట్టించుకున్న వారానికే మా కొడుకు శ్రీను మమ్మల్ని కారు చూడ్డానికి కరీంనగర్ తీసుకుపోయాడు. చిన్న కారు కొనాలని రెండు నెలలుగా ఫోను ముందేసుకుని కూర్చుంటున్నాడు. వడపోసి వడపోసి రెండు కార్ల దగ్గర ఆగాడు. ఏది లీటరుకు ఎంత నడుస్తుంది, దేని వెనక సీట్లో మోకాళ్లకు జాగా ఎక్కువ, గుద్దుకుంటే తట్టుకునేందుకు దేనికి ఎన్ని చుక్కలిచ్చారు, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. చూసిన కొద్దీ తెగదు. అద్దాల హాల్లో ఆ రెండు కార్లూ పౌడరు రాసుకున్నట్టు నిలబడి ఉన్నాయి. వాడు అక్కడి అమ్మాయితో మాట్లాడుతుంటే నేను ఊరికే ఉండలేక, ఒక కారు తలుపు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేతి వేళ్ల కణుపులతో టకటక కొట్టాను. రెండోదాని దగ్గరికి పోయి మళ్లీ అట్లాగే కొట్టాను. "ఏం చూస్తున్నరు అంకుల్?" అంది ఆ అమ్మాయి. "మీద వడ్తదో ఉంటదో చూస్తున్న బిడ్డా" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ చల్లని రేకు మీద పెట్టిన చెయ్యి తీయబుద్ధి కాలేదు. అట్లా చెయ్యి ఆనించి కొట్టడం నేను కనిపెట్టింది కాదు. అది మా మల్లయ్య కాక పద్ధతి. ఆయన కూడా ఒక ఆదివారం రెండు చిన్న కార్లను ఇట్లాగే కొట్టి చూశాడు. ఆ ఆదివారం నేను చేసిన పని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్లలో, షిఫ్టు మారే చోట, బస్సుల్లో వందల ముచ్చట్లు చెప్పాను గానీ ఈ ఒక్కటీ దాటవేస్తూ వచ్చాను.

మల్లయ్య కాక మా నాయనకు తమ్ముడు. మా నాయన జ్వరంతో పోయిన ఏడు, గోదావరి అవతల ఉన్న మా ఊరి నుంచి నన్ను పడవలో ఇవతలికి దాటించి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బొగ్గుగనుల ఊరైన ఖనికి తెచ్చాడు. వాళ్లకు పిల్లల్లేరు. కంపెనీ ఇచ్చిన క్వార్టరు రెండు గదులు, ముందు ఇంత వాకిలి. తెల్లవారుతూనే క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లంతా బొగ్గు పొయ్యిలు బయటపెట్టి రాజేసేవాళ్లు. పొగ తగ్గి నిప్పు ఎర్రబడేదాకా ఎదురింటి మనిషి కనపడేవాడు కాదు. దగ్గుల్ని బట్టే ఎవరు లేచారో తెలిసేది. చిన్నమ్మ జొన్న రొట్టెలు కొట్టే చప్పుడు, చింతపండు చారులో ఎండు మిరపకాయ మాడిన ఘాటు, డ్యూటీ నుంచి వచ్చిన కాక ఒంటి మీది బొగ్గు చెమట, ఆయన నెత్తి రుద్దుకునే సబ్బు నురగ మూడుసార్లు నల్లగా కారి నాలుగోసారి తెల్లబడటం, ఇవన్నీ ఇప్పటికీ ముక్కులోనే ఉన్నాయి. ఆదివారం తలంటుకు ముందు చిన్నమ్మ ఆయన్ను వాకిట్లో పక్కకు పడుకోబెట్టి, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె చెవుల్లో పోసేది. ముందు ఒక చెవి, కాసేపాగి రెండో చెవి. "కాక చెవులకు ఆయిలింగు నడుస్తుంది, ఎవలు డిస్టప్ చెయ్యకుండ్రి" అని నేను లైనంతా వినేటట్టు అరిచేవాణ్ణి. అందరూ నవ్వేవారు. చిన్నమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. గరిటె చల్లారిందా లేదా అని వేలు పెట్టి చూసుకుంటూ ఉండేది.

కాక చెవులు ఆయిలింగు చెయ్యదగ్గవే. ఆయన గనిలో, మా మాటలో బాయిలో, టింబర్‌మన్. తవ్విన చోటల్లా పైకప్పు కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. దానికంటే ముందు, ఆ కప్పు నిలుస్తుందా పడుతుందా చెప్పడం ఆయన పని. చివర ఇనుప పొన్ను వేసిన ఒక కర్ర ఉండేది. దానితో కప్పును కొట్టేవాడు. రాయి గట్టిగా ఉంటే 'టంగ్' మంటుంది. లోపల పగిలి పొర విడిపోయి ఉంటే 'దబ్' మంటుంది. దాన్ని మేం డొల్ల అనేవాళ్లం. కాక డొల్ల అన్న చోట నిమిషం నిలబడిన మగాడు లేడు. గట్టి అన్న చోట సద్ది విప్పుకుని తినేవాళ్లం. ఆయన్ని చెవుల మల్లయ్య అనేవాళ్లు. వేరే గనుల నుంచి కూడా కొత్తగా టింబర్‌మన్ అయినవాళ్లు వచ్చి ఆయన వెంట నడిచి నేర్చుకుని పోయేవాళ్లు. "టంగంటె కూసో, దబ్బంటె ఉరుకు. గింతే ఇద్దె" అనేవాడు వాళ్లతో. నేను తట్టలు నింపే పనిలో చేరిన మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని అరచేతిని కప్పుకు గట్టిగా అదిమిపెట్టి, పక్కన కర్రతో కొట్టాడు. "చీమలు వాకినట్టు అయితుందా?" అన్నాడు. లేదన్నాను. "అయినప్పుడు నన్ను పిలువకు. ఉరుకు." అది చెవికి తోడు నేర్పే ఇంకో చిన్న పాఠం అనుకున్నాను. అంతకు మించి ఆలోచించే వయసు కాదు, బుర్ర అసలే కాదు.

ఇంట్లో ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనించి, ముఖం వాకిలి వైపు పెట్టేవాడు. మనిషి ఎదురుపడగానే తనే ముందు మాట్లాడేవాడు, జవాబు కూడా తనే చెప్పుకునేవాడు. "తిన్నవా? తిన్నవ్ తియ్యి. డ్యూటీకి వోయినవా? పోయినట్టే ఉన్నవ్." చిన్నమ్మ ఆయన్ను ఎప్పుడూ పేరుపెట్టి గానీ, 'ఏమయ్యా' అని గానీ పిలవగా నేను వినలేదు. దగ్గరికొచ్చి కాలితో నేలను ఒకసారి తట్టేది. ఆయన తల తిప్పేవాడు. పెద్దవాళ్ల మధ్య మర్యాద అట్లా ఉంటుందేమో అనుకున్నాను. నేను వీటన్నిటికీ నకళ్లు తయారుచేసి, షిఫ్టు దిగి లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు ఆడి చూపించేవాణ్ణి. తిన్నవా, తిన్నవ్ తియ్యి. జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. అన్నం పెట్టి సాకినవాడి మీద నవ్వించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, పక్కన ఉంటే చాలు. నాకు అప్పటికి ఇరవై దాటాయి.

ఇక కార్ల సంగతి. మా మేనత్త కొడుకు కొమురయ్య బావ గనిలో బొగ్గు విరిచే మందు తోటాలు పేల్చే పని చేసేవాడు. ఉద్యోగం చేస్తూనే, తమ్ముణ్ణి డ్రైవరుగా పెట్టి రామగుండం స్టేషన్ నుంచి ఖనికి టాక్సీ నడిపించాలని ఆయన ఆశ. రైలు దిగిన జనం నెత్తి మీద మూటలతో బస్సు కోసం పడే పాట్లు చూసి పుట్టిన ఆశ. కొత్త కారు మాట మాకెవరికీ కలలో కూడా రాదు. పాతవి రెండు అమ్మకానికి ఉన్నాయని తెలిసింది. రెండూ చిన్నవే. ఒకటి, బదిలీ అయి పోతున్న ఒక డాక్టరుది. తెల్లది, గుండ్రటి ముక్కు, నాలుగు తలుపులు, రంగు అక్కడక్కడ మాసిపోయి చూడ్డానికి వితంతువులా ఉంటుంది. ఇంకొకటి మంచిర్యాలలో కర్ర వ్యాపారం చేసే ఒక కంట్రాక్టరుది. ఆకుపచ్చది, రెండే తలుపులు, వెనక రెక్కల్లా మొన తేలి ఉంటుంది. కొత్తగా రంగేసి నూనె రాసినట్టు మెరిసేది. హారన్ నొక్కితే రెండు రాగాల్లో పలికేది. ఆ హారన్ విన్నాక బావకు నిద్ర లేదు.

ఇద్దరు అమ్మేవాళ్లనూ బతిమాలి, ఒక ఆదివారం పొద్దున రెండు కార్లనూ మా క్వార్టర్ల వెనక బంతాడుకునే జాగాకు తెప్పించాడు. ఊరు ఊరంతా వచ్చింది. శ్రీను ఫోనులో చూసినవన్నీ మేం అప్పుడు మనుషులతోనే చూశాం. తెల్లదాంట్లో మనుషుల్ని ఎక్కించి లెక్క పెడితే తొమ్మిదిమంది పట్టారు, ఆకుపచ్చదాంట్లో ఏడుగురు. డిక్కీల్లో బియ్యం బస్తా పెట్టి చూశాం. చిన్నమ్మను ఆకుపచ్చదాంట్లో వెనక సీటుకు పంపితే, ముందు సీటు మడిచి, తను కూడా మడుచుకుని దూరి, బయటికి రాలేక నానా అవస్థ పడింది. "కోళ్ల గంపల దూరినట్టుంది కొడుకా. గిండ్లకెల్లి బాలింతలు ఎట్ల దిగుతరు, ముసలోళ్లు ఎట్ల దిగుతరు?" అంది. వర్క్‌షాపులో ఫిట్టరు యేసోబు అప్పుడే ప్రార్థన ముగించుకుని తెల్లచొక్కాతో వచ్చాడు. ఆకుపచ్చదాని చుట్టూ తిరిగి ముక్కు ఎగబీల్చాడు. "రంగు వాసన ఇంక పోలేదు. పాత బండికి కొత్త రంగంటె నాకు భయమే కొమురన్నా" అన్నాడు. బావకు ఆ మాట నచ్చలేదు. "మనం మనం కొట్లాడుడెందుకు? మామ ఉన్నడు గదా" అన్నాడు.

కాక అప్పటికే తలంటుకుని, తెల్లధోవతి కట్టి, చెవి దగ్గర ఇంకా నూనె మెరుస్తుండగా వచ్చి నిలబడ్డాడు. బావ ఆయనకు ఎదురుగా వచ్చి చేతులు పట్టుకున్నాడు. "మామా, బాయిల మా పానాలన్ని నీ చెవి మీదనే ఉంటయి. గీ రెండు డబ్బలల్ల ఏది గట్టిదో నువ్వు చెప్పకపోతె ఎవలు చెప్తరు? నువ్వు ఏది అంటె అదే." కాక సిగ్గుపడుతూ నవ్వి, ఇంటికి మనిషిని పంపించి ఇనుప పొన్ను కర్ర తెప్పించుకున్నాడు. జనం గోల ఆపారు. వాళ్లలో మా షిఫ్టును చూసుకునే అధికారి ఓవర్‌మన్ సాబ్ కూడా ఉన్నాడు. ఆయనకూ కారు పిచ్చి.

కాక తెల్లకారు ముందు నిలబడి, ఎడమ అరచెయ్యి తలుపుకు ఆనించి, కర్రతో మెల్లగా కొట్టాడు. టంగ్. శుభ్రంగా, గంటలా మోగింది. మోత చివరి ఇంటిదాకా పోయి ఉంటుంది. రెండో తలుపు కూడా టంగ్. కాక తల అడ్డంగా ఊపాడు. "ఇది డొల్ల" అన్నాడు. ఆకుపచ్చదాని దగ్గరికి పోయి కొట్టాడు. దబ్. తడి మట్టి మీద కొట్టినట్టు. దబ్, దబ్. కాక ముఖం విప్పారింది. "గిది గట్టి. గిదే తీస్కో కొమురా."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టంగంటే కూర్చొమ్మని, దబ్బంటే ఉరకమని వాళ్లకు నేర్పిన మనిషి ఆయనే. యేసోబు వెనక నుంచి, "మల్లన్నా, గంట లెక్క మోగుతుంటె డొల్ల అంటవేంది?" అన్నాడు. కాక తల తిప్పలేదు. కారు ముందుభాగాన్ని చేత్తో నిమురుతున్నాడు. యేసోబు జేబులోంచి తాళంచెవి తీసి ఆకుపచ్చ తలుపు కింది అంచు మీద గీరాడు. రంగు లేచి, దాని వెనక నుంచి లప్పం పెళ్లలు పెళ్లలుగా రాలింది. రేకు తుప్పు పట్టి తినిపోతే, ఆ బొక్కల్లో లప్పం కూరి పైన రంగేశారన్నమాట.

అప్పుడు నాకు తట్టింది. అందరికంటే ముందు తట్టింది, అదే నా ఖర్మ. కాక చెవితో వినడం లేదు. చేత్తో చూస్తున్నాడు. గట్టి రాయి మోగుతుంది గానీ అరచేతి కింద వణకదు. పగిలిన రాయి మొద్దుగా పలుకుతుంది, చేతికి మాత్రం చీమలు పాకినట్టు వణుకుతుంది. కప్పు కింద చెవి చెప్పేదీ, చెయ్యి చెప్పేదీ ఎప్పుడూ ఒకటే, అందుకే ఎన్నేళ్లయినా ఎవరికీ తెలియలేదు. రేకు సంగతి వేరు. మంచి రేకు మోగుతుంది, వణుకుతుంది కూడా. లప్పం నింపిన రేకు మోగదు, వణకదు. ఆయన అరచెయ్యి రాయి చదువు చదివింది. వణికినదాన్ని డొల్ల అంది. తోటాలు పేలిన మోతల పక్కన ఎన్ని ఏళ్లు నిలబడ్డాడో, కాక చెవులు ఎప్పుడో పోయాయి. వెల్లుల్లి నూనె, గోడకు ఆనిన వీపు, చిన్నమ్మ కాలి తట్టు, తిన్నవా తిన్నవ్ తియ్యి, అన్నీ ఒక్కసారిగా వరుసలో నిలబడ్డాయి. చెవి లేదని తెలిస్తే ఆయన్ను గనిలోకి దిగనివ్వరు. చెవుల మల్లయ్య పని అంతటితో సరి. ఇది కూడా నాకు అదే క్షణంలో అర్థమైంది. అర్థం కాక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. 'రాయి వేరు, రేకు వేరు, ముసలాయనకు కార్ల సంగతి ఏం తెలుసు' అనుకుని జనం ఇళ్లకు పోయేవాళ్లు. కానీ ఇంత పెద్ద ముచ్చట నా ఒక్కడి దగ్గరే ఉందన్న గుల నన్ను నిలవనివ్వలేదు. మెల్లగా కాక వెనక్కి పోయి, రెండడుగుల దూరంలో నిలబడి, అందరికీ సైగ చేసి అన్నాను: "కాకా, నీ ధోతి ఊడింది."

ఆయన కదల్లేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి కొడుతున్నాడు. దబ్.

"కాకా! ధోతి ఊడి కింద వడ్డది. అందరు సూస్తుండ్రు." ఇంకొంచెం గట్టిగా. దబ్. దబ్.

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత ఆపడం ఎవరి తరం కాలేదు. నేను నడుముకు చేతులు పెట్టుకుని ధోతి జారినట్టు, పట్టుకోబోయి అందనట్టు ఆడి చూపించాను. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బావ తమ్ముడైతే నేల మీద కూర్చుండిపోయాడు. చిన్నమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన భుజం పట్టుకుంది. కాక ఇటు తిరిగాడు. ఊరంతా నవ్వుతోంది. కారు గురించే అనుకున్నాడు. తనూ నవ్వాడు. ఆకుపచ్చదాని నెత్తి మీద చరిచి, "చూసిండ్రా? నేను చెప్పలే?" అన్నాడు. దాంతో నవ్వు రెట్టింపయింది. అప్పుడు ఆయన కళ్లు వెతుక్కుంటూ వచ్చి, ఇంకా నడుము దగ్గరే ఉన్న నా చేతుల మీద ఆగాయి. తర్వాత చిన్నమ్మ ముఖం చూశాడు. నవ్వు ఆయన ముఖం మీద నుంచి ఒక్కసారిగా పోలేదు. పళ్లు ఇంకా కనపడుతుండగా కళ్లు ముందు ఆరిపోయాయి. ఆ గుంపులో నవ్వనివాడు ఓవర్‌మన్ సాబ్ ఒక్కడే. ఆయన కాక చెవుల వైపు చూస్తున్నాడు.

కొమురయ్య బావ ఆ ఆకుపచ్చ కారే కొన్నాడు. యేసోబు రాల్చిన లప్పం ఇంకా నేల మీద ఉండగానే, "మామ గట్టిదన్నడు, గట్టిదే" అని, ఎవరి మాటా వినకుండా కొన్నాడు. ఆయన ఎందుకట్లా చేశాడో ఆ రోజు అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే, ఆ బండికి 'చెవిటి బండి' అని పేరు పెట్టాను. వారంలో ఖని మొత్తానికి ఆ పేరు అంటుకుంది. స్టేషన్లో జనం "చెవిటి బండి వద్దు, హారన్ దానికే ఇనవడదు" అని రిక్షాలు ఎక్కేవాళ్లు. రెండు వానాకాలాలకు తలుపు ఊడి చేతికొచ్చింది. బావ దాన్ని పాత ఇనుముకు తోలి, ఆ తర్వాత ఎప్పుడూ కారు మాటెత్తలేదు. డాక్టరుగారి తెల్లకారును ఎవరో పెద్దపల్లి ఆయన కొన్నాడు. అది ఏళ్ల తరబడి మా ముందు నుంచే తిరిగేది, టంగుమంటూ.

సోమవారం కాకకు, చెవుల పరీక్షకు రమ్మని దవాఖాన కాగితం వచ్చింది. డాక్టరు నోటికి అట్ట అడ్డం పెట్టుకుని కొన్ని అంకెలు చదివి, తిరిగి చెప్పమన్నాడట. చిన్నమ్మ చెప్పింది. కాక, "మంచిగున్న సారూ" అన్నాడట. మళ్లీ చదివితే, "ఇద్దరమే సారూ, పిల్లల్లేరు" అన్నాడట. ఇంకోసారి చదివితే, "తిన్న సారూ" అన్నాడట. నేను ఈ ముచ్చట కూడా షిఫ్టులో ఆడి చూపించాను. ఇక్కడ రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ, చూపించాను. చెవి లేని మనిషిని కప్పు కింద పెట్టరాదనేది రూలు, దాన్ని తప్పు పట్టలేం. ఆయన్ను పైన, బెల్టు మీద బొగ్గు పోతుంటే అందులోంచి రాళ్లు ఏరే పనిలో వేశారు. ఆ మోతలో చెవులున్నవాళ్లు కూడా చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. "కాకకు సరైన జాగ దొరికింది" అని నేను అన్న మాటకు కూడా నవ్వినవాళ్లున్నారు. ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. చిన్నమ్మ కంచం పెట్టే చప్పుడు మాత్రం మారింది. తర్వాతి ఆదివారం నుంచి ఆమె నూనె కాచలేదు. నెల తిరక్కముందే నేను నా బట్టలు తీసుకుని ఒంటరిగాళ్ల క్వార్టరుకు మారిపోయాను.

కాక స్థానంలోకి కొత్త టింబర్‌మన్ వచ్చాడు. వయసువాడు, పాము బుస కూడా వినే చెవులు. ఒకనాడు వాడు కొట్టి చూసి గట్టి అని ముందుకు పోయాక, మేం నలుగురం సద్ది విప్పాం. నేను నిలబడి నీళ్లు తాగుతూ, ఆసరాకు ఊరికే చెయ్యి పైకప్పుకు ఆనించాను. అరచేతిలో చీమలు పాకాయి. ఆలోచించలేదు. నా కాళ్లు ముందే ఉరికాయి, మిగిలిన ముగ్గుర్నీ నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ లాక్కుపోయాను. మా సద్ది గిన్నెల మీద కప్పు కూలిన చప్పుడు ఇప్పటికీ నాకు మిషన్ లేకుండా వినిపిస్తుంది. కొత్తవాడి తప్పేం లేదు, రాయి ఆ తర్వాత విడింది. ఆ రోజు పైకి రాగానే నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. ఎట్లా తెలిసిందిరా అని ఓవర్‌మన్ సాబ్ అడిగాడు. కాక పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "నా ముక్కు దురద పెట్టింది సాబ్" అన్నాను. అందరూ నవ్వారు. చాయ్ తాగించారు. నేను తాగాను.

ఇవాళ శ్రీను తన రెండు కార్లలో ఒకటి తేల్చుకున్నాడు. చుక్కలు ఎక్కువున్నది. ఇప్పుడు అన్నిటికీ ఎవరో ముందే గుద్ది చూసి, కొట్టి చూసి, కాగితం మీద రాసి పెడుతున్నారు. మంచిదే. ఒక మనిషి పరువు మీద కారు కొనాల్సిన పని లేదు, కారు మీద మనిషి పరువు పోయే భయమూ లేదు. నా చెవి పోయిందంటే కొడుకు తీసుకుపోయి మిషన్ పెట్టించాడు, ఇంట్లో నవ్వుకున్నారు, నాకు పోయింది ఏమీ లేదు. కాక చెవి పోయిందని ఊరికి తెలియడం, ఆయన మొత్తం పోవడం ఒకటే అయింది. ఆ రెండింటి మధ్య తేడా కాలానిదని చెప్పి తప్పించుకోవాలని చాలాసార్లు చూశాను. కాలం ఆ రోజు ఆయన వెనక నిలబడి ధోతి ఊడిందని అనలేదు.

కప్పు కూలిన మర్నాడు కాక ఇంటికి పోయాను. సాయంత్రం, పొయ్యిలు బయటికొచ్చి లైనంతా పొగ. కాక వాకిట్లో నులక మంచం మీద, ముఖం గోడ వైపు, వీపు బజారు వైపు పెట్టుకుని కూర్చున్నాడు. అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇక కనిపెట్టుకుని ఉండాల్సింది ఏమీ లేదు కదా. నేను చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా పోయి నేల మీద గొంతుక్కూర్చున్నాను.

"తిన్నవా?" అన్నాడు. "తిన్నవ్ తియ్యి."

"కాకా, నిన్న కప్పు వడ్డది. నువ్వు చెప్పిన చీమలు. నా చేతిల వాకినయి. నలుగురం బతికినం" అన్నాను. ఆయన నా పెదాల వైపు చూస్తున్నాడు, అందలేదు. గట్టిగా అన్నాను. పక్క వాకిళ్లలో పొయ్యిలు విసురుతున్నవాళ్లు విసరడం ఆపారు. "నీ వల్లనే బతికిన కాకా! నేను చేసింది తప్పయింది!" గొంతు చిట్లేటట్టు అరిచాను. ఆ అరుపుకు లైను చివర కుక్క మొరిగింది. చిన్నమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. "తప్పయింది కాకా! నన్ను మాఫ్ చెయ్యి!"

కాక చెయ్యి చాపి, నా భుజం పట్టుకుని, తన వీపు వెనకవైపుకు మెల్లగా నెట్టాడు.

"ముంగట గంత మొత్తుకోకురా, పానం పోతది. ఎనుకకు వోయి చెప్పు. నీ మాట నాకు ఆడికెల్లి అంటెనే మంచిగ ఇనవడ్తది."